చప్పుడు పోయిన టాక్సీ

మంగళవారం పొద్దున బిషున్ వేసుకున్న పథకం చాలా చిన్నది. టాక్సీని మెకానిక్ ఆపెనిసా షెడ్డులో వదలాలి, కింద అరిగిపోయిన సామానంతా మార్పించాలి, గురువారం ఫిట్‌నెస్ తనిఖీ గట్టెక్కించాలి, శుక్రవారం నుంచి మళ్ళీ ఫిజీలోని లంబాసా బజారుకీ ఊరికీ మధ్య తిరగాలి. అంతకు మించి అతను జీవితం నుంచి ఏమీ ఆశించలేదు.

ఆ టాక్సీకి ముప్ఫై ఏళ్ళు దాటాయి. చెరకు లారీలు గుల్ల చేసిన మట్టిరోడ్డు మీద తిరిగి తిరిగి దాని కీళ్ళన్నీ వదులైపోయాయి. ముందు చక్రాల దగ్గర కీచుమనేది, వెనక ధడేలుమనేది, మలుపు తిరిగితే నడుమ ఎక్కడో మూలిగేది. అది వాగు వంతెన దాటుతుండగానే ఊళ్ళో ఆడవాళ్ళు జుట్టు దువ్వుకోవడం మొదలుపెట్టేవారు. గుమ్మం ముందుకు వచ్చేసరికి సంచీతో సిద్ధంగా ఉండేవారు. హారన్ కొట్టవలసిన అవసరం బిషున్‌కి ఎన్నడూ రాలేదు.

ఆపెనిసా కారు కిందకి దూరి టార్చి వేసి చూశాడు. తరవాత ఒక బూతుమాట వినిపించింది.

"అన్నా, ఈ స్ప్రింగు రెండు ముక్కలై ఎన్నాళ్ళయింది?"

"విరిగిందా?"

"బుష్షుల్లో రబ్బరనేదే లేదు. షాకబ్జర్లలో నూనె చుక్క లేదు. ఇన్నాళ్ళూ ఇది దేని మీద నిలబడిందంటావ్?"

"అలవాటు మీద," అన్నాడు బిషున్.

రెండు రోజులు ఆపెనిసా వెల్లకిలా పడుకునే పనిచేశాడు. తుప్పుపట్టి బిగుసుకుపోయిన బోల్టు ఒకటి ఎంతకీ రాకపోతే, పానాకి ఇనప గొట్టం తొడిగి, దానికి వేలాడి, ఆదివారం చర్చిలో క్షమాపణ చెప్పుకోవలసిన మాటలు కొన్ని వాడి ఊడదీశాడు. కొత్త స్ప్రింగులు, షాకబ్జర్లు, బుష్షులు బిగించాడు. గురువారం తనిఖీ చేసే ఆయన బానెట్ మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కి వదిలాడు. కారు ఒక్కసారి లేచి బుద్ధిగా నిలబడిపోయింది. వెంటనే సంతకం పెట్టేశాడు.

శుక్రవారం పొద్దున్నే బిషున్ మహారాజులా తేలుతూ వచ్చి లితియా టీచరు గేటు ముందు ఆగాడు. ఆమె లోపల చప్పుడు కోసం ఎదురుచూస్తోంది. అతను బయట ఆమె కోసం ఎదురుచూస్తున్నాడు. ఒకరి ఆలస్యాన్ని ఒకరు తిట్టుకుంటూ ఇద్దరూ అరగంట గడిపారు. స్కూలు తాళాలు ఆమె దగ్గరే ఉన్నాయి. వాళ్ళు వెళ్ళేసరికి రెండువందల మంది పిల్లలు మైదానంలో రగ్బీ ఆడుతున్నారు, మాస్టార్లు కూడా.

అక్కణ్ణించి అగ్గిపెట్టె కొందామని లాల్తా కొట్టు ముందు ఆపాడు. లాల్తా గ్రోగ్ పొడి బస్తాలో మైదాపిండి పోసి తెడ్డుతో కలుపుతున్నాడు. ఊరంతా సాయంత్రం చెక్కగిన్నె చుట్టూ కూర్చుని మత్తు కోసం తాగేది ఆ పొడి కలిపిన నీళ్ళే.

"అగ్గిపెట్టె ఉందా, లాల్తా బావా?"

లాల్తా చేతిలో తెడ్డు జారిపోయింది. "నువ్వెప్పుడొచ్చావ్? కారేదీ?"

"బయటుంది."

"చప్పుడేదీ?"

"బాగుచేయించాను."

లాల్తా బస్తా వంకా బిషున్ వంకా మార్చి మార్చి చూశాడు. పదిహేనేళ్ళుగా 'ఒరేయ్' అని పిలుస్తున్నవాడు ఒక్కసారిగా లేచి నిలబడి, "కూర్చోండి బిషున్ గారూ, టీ తాగుతారా?" అన్నాడు.

మధ్యాహ్నం భోజనానికి బిషున్ ఇంటికి వెళ్ళాడు. ఏడాదిగా అతని భార్య చంపాకి మోకాళ్ళ నొప్పులు. ఇల్లు ఊడవడం, రొట్టెలు వత్తడం అతనే చేస్తున్నాడు. వంటింటి గుమ్మంలో అడుగుపెట్టేసరికి చంపా రేడియో పెట్టుకుని, గరిటె ఊపుతూ గంతులేస్తోంది. మామూలు గంతులు కావు. కొత్త స్ప్రింగులు ఆపెనిసా ఎవరికి బిగించాడో ఒక్క క్షణం బిషున్‌కి అర్థం కాలేదు.

"మోకాళ్ళు తగ్గాయా?" అని నిజమైన సంతోషంతో అడిగాడు.

చంపా ముందు ఎర్రబడింది, తరవాత ఎదురుదాడికి దిగింది. "ఎన్నాళ్ళనుంచి ఇలా పొంచి చూస్తున్నారు? అందుకేనా కారు బాగుచేయించింది? పెళ్ళాన్ని పట్టుకోడానికి అంత కష్టపడ్డారా?"

"తనిఖీ కోసం చేయించానే!"

"అదే నేనూ అంటున్నాను. తనిఖీ!"

మర్నాడు ఇంకా ఘోరం జరిగింది. స్కూలు కమిటీ ప్రెసిడెంటు సూరజ్‌బలి వారం కిందటే రామాయణ మండలిలో అందరి ముందూ, నెల్లాళ్ళు నీసు ముట్టనని మొక్కుకున్నాడు. రేడియేటర్‌కి నీళ్ళు పడదామని బిషున్ చెరకు తోట పక్కన ఆగితే, అక్కడ నిలిపి ఉన్న లారీ వెనక ప్రెసిడెంటు గారు గొంతుక్కూర్చుని డబ్బాలో చేపలు వేళ్ళతో తింటున్నారు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. బిషున్ మర్యాదగా నమస్కారం పెట్టాడు. ఆ నమస్కారంలో సూరజ్‌బలికి లేని అర్థాలన్నీ కనిపించాయి.

సాయంత్రానికి ఊళ్ళో సంగతి తేలిపోయింది. బిషున్ కావాలనే కారు నోరు నొక్కించాడు. ఎవరో అతన్ని నిఘాకి పెట్టారు. ఎవరన్నది తేలలేదు గానీ, ఎవరికి వాళ్ళు తమ మీదే పెట్టారని నిశ్చయించుకున్నారు. టాక్సీ వస్తే తలుపులు మూసుకుంటున్నాయి. సంచీలు మోసుకుంటూ నడిచి వెళ్తున్నారు గానీ ఒక్కరూ ఎక్కడం లేదు. భయం పోగొడదామని బిషున్ మలుపు మలుపుకీ హారన్ కొట్టడం మొదలుపెట్టాడు.

"చూశావా, చూసేశానని మోగించి మరీ చెప్తున్నాడు," అన్నాడు లాల్తా.

ఆదివారం పొద్దున ఒక ముసలమ్మ గుమ్మడికాయ తెచ్చి వరండాలో పెట్టింది. "నువ్వు చూసింది నీ కడుపులోనే ఉంచుకో నాయనా."

"నేనేం చూశాను అవ్వా?"

"అబ్బ, ఎంత బాగా దాస్తున్నావు!" అని ఆమె కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది. ఆ వెనకే కర్రపెండలం, కోడిపుంజు, అనాసపళ్ళు వచ్చాయి. ఇచ్చినవాళ్ళలో సగం మంది దాచుకున్నదేమిటో కూడా బిషున్‌కి తెలియదు.

చర్చి నుంచి వస్తున్న ఆపెనిసాని దారిలోనే పట్టుకున్నాడు. "తమ్ముడూ, నీకు పుణ్యముంటుంది. కొంచెం వదులు చెయ్యి. కనీసం కీచుమనేలా."

ఆపెనిసా మొహం మాడిపోయింది. "రెండు రోజులు వెల్లకిలా పడుకున్నాను. నా కళ్ళలో పడిన తుప్పుతో ఇంకో కారు చెయ్యొచ్చు. చప్పుడు చెయ్యకుండా నడిచే కారు ఈ రోడ్డు మీద ఇదొక్కటే. దాన్ని నా చేత్తో చెడగొట్టమంటావా? పోనీ, నా పళ్ళు నేనే రాలగొట్టుకోమంటావా?"

ఇక మిగిలింది ఒకటే దారి. ఆ మధ్యాహ్నం స్కూలు కమిటీ మీటింగుంది, ఊరంతా వస్తుంది. అక్కడ అందరి ముందూ నిజం చెప్పేస్తే పీడ విరగడవుతుందనుకున్నాడు. అతను లోపలికి రాగానే ముందు బెంచీ ఖాళీ చేసి ఇచ్చారు. బిషున్ గొంతు సవరించుకున్నాడు.

"నేను ఎవర్నీ చూడాలని చూళ్ళేదు. చూసినవి ఎవరికీ చెప్పను కూడా. మీరంతా మామూలుగా నా టాక్సీ ఎక్కితే చాలు."

అంత మర్యాదైన బెదిరింపు ఆ ఊరు అంతవరకూ వినలేదు.

సూరజ్‌బలి లేచాడు. "నా ఆరోగ్యం బాగుండటం లేదు. ప్రెసిడెంటు పదవి వదులుకుంటున్నాను. బిషున్ గారి పేరు ప్రతిపాదిస్తున్నాను. రేపట్నుంచి కమిటీ పని మీద ఎవరు బజారుకెళ్ళినా వారి టాక్సీలోనే వెళ్ళాలి."

"బలపరుస్తున్నా," అన్నాడు లాల్తా, ఆ మాట పూర్తి కాకముందే.

"అయ్యో, నాకొద్దు బాబోయ్!" అని అరిచాడు బిషున్.

"పదవి మీద ఆశ కూడా లేదు పాపం," అంది లితియా టీచరు. ఆ గదిలో దాచుకోవలసిందేమీ లేని మనిషి ఆమె ఒక్కతే. అందుకని ఆమె మాట అందరూ నమ్మారు.

చేతులెత్తమన్నారు. వెనక వరసలో చంపా మోకాళ్ళ సంగతి పూర్తిగా మరిచిపోయి, బెంచీ ఎక్కి మరీ చెయ్యెత్తింది. కార్యదర్శి 'ఏకగ్రీవం' అని రాసుకుని, మాటవరసకి, వద్దనేవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగాడు. బిషున్ రెండు చేతులూ పైకెత్తాడు. కొత్త ప్రెసిడెంటు గారు అభివాదం చేస్తున్నారనుకుని జనం చప్పట్లు కొట్టారు.