ముళ్ల స్వాగతం

పెద్ద అడవే అది. పల్లంలో సింహం దర్బారు, దాని చుట్టూ ఉద్యోగుల నివాసాలు. పైన, మూడు కొండలు దాటాక, ఏదుపందుల గూడెం. పల్లంవాళ్లకి ఆ గూడెంతో ఎప్పుడూ పని పడలేదు. అందుకని దాని గురించి అందరికీ ఏదో ఒక అభిప్రాయం ఉండేది.

అలాంటి రోజుల్లో అప్పలకొండ అనే కొండముచ్చుకు ఒక ఆలోచన వచ్చింది. అతను కొండల్లో పుట్టి, దర్బారు చుట్టూ తిరిగి పెద్దవాడైనవాడు. రెండు చోట్లా ఎవరితో ఎలా మాట్లాడాలో తెలుసు. పల్లం జంతువులను, తలకింతని పుచ్చుకుని, కొండల మీదుగా నడిపించి, గూడెంలో ఏదుపందుల ఇళ్లలోనే బస చేయిస్తానని, అసలైన కొండ బతుకును కళ్లారా చూపిస్తానని సింహానికి చెప్పాడు. తాను నడవక్కర్లేదని తేలాక సింహం అనుమతి ఇచ్చింది.

గూడెం పెద్ద బుదిరమ్మ కూడా కాదనలేదు. ఇంటికి వచ్చినవాళ్లకు నాలుగు దుంపలు పెట్టడం తమకు కొత్త కాదని, రమ్మనమని అంది.

మొదటి జట్టులో డజనుమంది బయల్దేరారు. దర్బారులో పెద్ద గుమాస్తాగా చేసి దిగిపోయిన అడవిపంది పద్మనాభంగారు, బడిలో పాఠాలు చెప్పే లేడి సువర్చలమ్మ అందులో ముఖ్యులు. పద్మనాభంగారు ప్రతి మలుపులో ఆగి ఇంకెంత దూరమని అడిగారు. ఆ కనబడే కొండ దాటితే వచ్చేసినట్టేనని అప్పలకొండ ప్రతిసారీ చెప్పాడు. అలా రెండు రోజులు నడిచారు.

మూడోనాడు పొద్దున గూడెం చేరితే అక్కడ ఎవరూ లేరు. ఏదుపందులు రాత్రి తిరిగి పగలు పడుకుంటాయి. ఇంత దూరం నడిచి వచ్చింది గురక వినడానికా అని సువర్చలమ్మ నొచ్చుకుంది. అప్పలకొండ ఒక్కొక్క బొరియ దగ్గరికీ వెళ్లి అందరినీ లేపాడు. ఇకమీదట అతిథులున్నన్నాళ్లూ పగలు మెలకువగా ఉండాలని నచ్చజెప్పాడు.

బసకు ఇచ్చిన బొరియలోకి దూరబోయి పద్మనాభంగారు గుమ్మంలో ఇరుక్కుపోయారు. నలుగురు కాళ్లు పట్టి లాగితేగాని బయటికి రాలేదు. ఆ సాయంత్రమే అప్పలకొండ గుమ్మాలన్నీ వెడల్పు చేయించాడు.

ఆ లాగుడులో బెదిరి ఒక ముసలి ఏదుపంది ముళ్లు నిక్కించి గలగలలాడించింది. అతిథులకు అది ఎంతో నచ్చింది. దాని అర్థమేమిటని అడిగారు. గూడెంలో ఆ చప్పుడుకు ఉన్నది ఒకటే అర్థం: ముప్పు వచ్చింది, లోపలికి పొండి అని. అప్పలకొండ తడుముకోకుండా అది స్వాగతమని చెప్పాడు. అప్పటి నుంచి జట్టు రాగానే గూడెమంతా ముళ్లు గలగలలాడిస్తూ, దుంపలు పట్టుకుని ఎదురు రావాలని ఏర్పాటైంది.

బుదిరమ్మకు ఇది మింగుడుపడలేదు. అప్పలకొండను పక్కకు పిలిచింది.

"బాబూ, ఆ చప్పుడు మా పేనాలు కాసేది. దాన్నట్టా ఆటకి వాడకూడదు."

"అర్థం నీ దగ్గరే ఉంచుకో అవ్వా. చప్పుడు మాత్రం వాళ్లకివ్వు," అన్నాడు అప్పలకొండ.

గూడెంవాళ్లు కూడా అతనివైపే మాట్లాడారు. వచ్చినవాళ్లు మంచివాళ్లే, పల్లం నుంచి మొక్కజొన్న పొత్తులు తెస్తున్నారు, నాలుగు మాటలు చెబుతున్నారు. బుదిరమ్మ ఊరుకుంది.

వానలు వెనకబట్టేసరికి ఎనిమిది జట్లు వచ్చి వెళ్లాయి. తొమ్మిదో జట్టులో పద్మనాభంగారు, సువర్చలమ్మ మళ్లీ వచ్చారు. మధ్యాహ్నం ఎండలో గూడెమంతా కునుకుపాట్లు పడుతోంది. కాపలా ఉన్నవాడైతే కూర్చునే నిద్రపోయాడు. బండ వెనక నుంచి చిరుత దిగడం బుదిరమ్మ ఒక్కతే చూసింది. ఉన్న బలమంతా పెట్టి ముళ్లు గలగలలాడించింది.

అతిథులు వరసగా వచ్చి కూర్చున్నారు. బొరియల్లోంచి ఏదుపందులు దుంపలు పట్టుకుని, నవ్వు మొహాలతో బయటికి వచ్చాయి.

చిరుతే ముందు తడబడింది. తన తిండి తనకు ఎదురొచ్చి పలకరించడం దానికి ఇదే మొదటిసారి. బుదిరమ్మకు మాత్రం సంగతి తెలిసిపోయింది. ఇన్నేళ్లు ఊరిని కాచిన పిలుపు, ఇప్పుడు ఎవరికీ ముప్పుగా వినబడడం లేదు.

"పొండి లోపలికి. చిరుత," అని నోటితో అరిచింది. తమ పెద్ద అలా అరవగా ఎవరూ ఎప్పుడూ వినలేదు. దుంపలు పారేసి అందరూ పరుగెత్తారు, పద్మనాభంగారు తప్ప. సువర్చలమ్మ దొరికిన బొరియలో దూరింది. గుమ్మం వెడల్పుగా ఉంది కాబట్టి చిరుత తల కూడా సులువుగా పట్టింది.

బుదిరమ్మ ఇక ఆలోచించలేదు. వెనక్కి తిరిగి, నడుం వంచి, వెనకడుగులతోనే పరుగున పోయి చిరుత డొక్కలో గుద్దుకుంది. ఆమెను చూసి మరో ఇద్దరు అలాగే వచ్చారు. చిరుత తల బయటికి లాక్కుని, డొక్కలో ముళ్లతో, కుంటుకుంటూ బండ దాటి పోయింది.

పద్మనాభంగారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కార్యక్రమం కిందటిసారి కన్నా బాగుందని, చిరుత వేషం వేసినవాడు మాత్రం ఇంకాస్త ముందే వచ్చి ఉండాల్సిందని అన్నారు. సువర్చలమ్మ బయటికి వచ్చి, అది వేషం కాదని చెప్పింది. ఆయన కూర్చుండిపోయారు.

మర్నాడు గూడెమంతా కలిసి గుమ్మాలు మళ్లీ ఇరుకు చేసింది. బుదిరమ్మ అప్పలకొండకు తన మాట చెప్పింది.

"రావొద్దనడం లేదు బాబూ. వస్తే పెట్టింది తినండి. మేం పడుకున్నప్పుడు పడుకోండి. ముళ్లు లేపామా, కొండ దిగిపోండి. మరి దానికి వేరే అర్థం చెప్పకు."

వ్యాపారం మునిగిందని అప్పలకొండ దిగాలుగా కిందికి దిగాడు. దర్బారులో ఎవరైనా అడిగితే, ఈసారి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాడు. అక్కడ గుమ్మం ఇరుకు, పగలు ఎవరూ పలకరు, విసుగొస్తే తరిమేస్తారు అన్నాడు.

వచ్చే నెలకు మూడు జట్లు నిండాయి. మొదటి పేరు పద్మనాభంగారిదే.

నీతి: ఆదరించి అన్నం పెడితే లోపాలు వెతుకుతారు, తరిమేస్తారని తెలిస్తే ముందుగా చోటు ఖాయం చేసుకుంటారు.