కంపాద్రేను నిలదీసిన ఉదయం

ఆ బుధవారం ఉదయం దోన్ ఫిలిబెర్తో ఒకాంపో అద్దం ముందు నిలబడి మీసానికి నూనె రాసుకుంటూ ఒక గట్టి నిర్ణయం తీసుకున్నాడు. ఇవాళ నీటి బోర్డు చైర్మన్‌ను కడిగి పారేయాలి. రేడియోలో ఎవరికీ కనిపించని మీసానికి ఇంత సింగారం ఎందుకని అడగడం ఆయన భార్య దోన్యా ఎర్మెలిందా ఏనాడో మానేసింది. ఎల్ సౌసాల్ ఊళ్లోనూ, చుట్టూ లోయలో ఉన్న బాదం తోటల్లోనూ, ద్రాక్ష కోతకు కూలీలను తీసుకెళ్లే వ్యాన్లలోనూ పొద్దున ఎనిమిదింటికి మోగేది ఆయన గొంతే. కార్యక్రమం పేరు ‘నిలదీత’. ఇన్నేళ్లలో అందులో ఆయన ఒక్కరిని నిలదీసిన పాపాన పోలేదు. వచ్చిన ప్రతి పెద్దమనిషికీ మెత్తటి కుర్చీ వేయించి, చిన్నతనంలో పడిన కష్టాలతో మొదలుపెట్టి, వాళ్లమ్మగారి చేతివంట దగ్గర ముగించి పంపేవాడు.

ఈసారి మాత్రం తప్పించుకునే దారి లేదు. నోగాల్ వీధి కుళాయిల్లో ఏడాదిగా పసుపు రంగు నీళ్లు, కుళ్లిన గుడ్ల కంపు. పక్క ఊరి మంచి బావి నుంచి ఆ వీధికి పైపు వేయాలా వద్దా అన్నది ఆ సాయంత్రమే బోర్డు తేల్చాలి. వాయిదాల మీద వాయిదాలు వేసుకుంటూ ఇక్కడిదాకా వచ్చారు. మరొక్క వాయిదా పడితే ప్రభుత్వం ఇస్తానన్న సాయం వెనక్కి పోతుంది, పైపు మాట ఇక ఎవరూ ఎత్తరు. అలా జరిగితే నిలువునా మునిగేది దోన్యా ఒబ్దూలియా. మొక్కజొన్న పిండిలో మాంసం పెట్టి, పొట్టాకుల్లో చుట్టి, ఆవిరి మీద ఉడికించే తమాలెలు అమ్మి ఆమె ఇద్దరు పిల్లలను పెంచుకుంటోంది. ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టరు వచ్చి, కుళాయి తిప్పి, ముక్కు మూసుకుని, మంచినీళ్లు వచ్చేదాకా అమ్మకానికి పొయ్యి వెలిగించడానికి వీల్లేదని చెప్పి పోయాడు. అప్పటినుంచి ఆమె గంగాళం బోర్లించే ఉంది.

చైర్మన్ దోన్ ఎలియోదోరో బుస్తోస్ అనుకున్న వేళకంటే ముందే స్టేషన్‌కు వచ్చాడు. చేతిలో తీపి రొట్టెల డబ్బా. ఆయనకు బోలెడు బాదం తోటలు, వాటికి పాతాళం దాకా వేయించిన సొంత బోర్లు, ఇంటి వెనక ఈతకొలను ఉన్నాయి. అరవై దాటాక చేసుకున్న రెండో భార్య, ఆమెకు ఈమధ్యే పుట్టిన ఆడపిల్ల కూడా ఉన్నారు. మైకు ఇంకా ఆన్ చేయలేదు. ఆయన కుర్చీ దగ్గరకు జరుపుకుని గొంతు తగ్గించాడు.

“ఆదివారం మా పాపకు జ్ఞానస్నానం. జ్ఞానతండ్రిగా మీరే ఎత్తుకోవాలి.”

“నేనా? మీ పాపనా?”

“మీరు కాక ఈ ఊళ్లో ఇంకెవరున్నారండీ? బిషప్పుగారు కూడా వస్తున్నారు. ఫొటోలో ఆయన పక్కన ఎవరుంటే బాగుంటుందో మీరే చెప్పండి.”

దోన్ ఫిలిబెర్తో వెన్నముద్దయిపోయాడు. బిడ్డను ఎత్తుకున్న జ్ఞానతండ్రీ, ఆ బిడ్డ కన్నతండ్రీ ఇక బతికినంతకాలం కంపాద్రేలు, ఆడవాళ్లయితే కొమాద్రేలు. కంపాద్రేతో గొడవపడేవాణ్ణి మావాళ్లు పెళ్లికి పిలవరు, చావుకు కూడా పిలవరు. చైర్మన్ ఈ సంగతి ఎరిగే అడిగాడు. ఈయనా ఎరిగే ఒప్పుకున్నాడు.

స్టూడియో అద్దం అవతల ఫోన్లు చూసే యెసేనియా తల లోపలికి పెట్టింది. “దోన్ ఫిలీ, మొదటి ప్రశ్న కుళాయిల గురించేనా?”

“కంపాద్రేను కూర్చోబెట్టుకుని మురికినీళ్ల మాట ఎత్తుతామా? పద్ధతుండాలమ్మా.”

“మరి ఇవాళ నిలదీసేది ఎవర్ని? నన్నా?” అంటూ ఆమె తలుపేసుకుంది.

మైకు ఆన్ అయింది. ప్రశ్నలు అడగకపోవడానికి ఏదో ఒక కారణం చెప్పాలి గనక దోన్ ఫిలిబెర్తో శుభవార్తతోనే మొదలుపెట్టాడు. అంతటితో ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోవడం ఆయన ఒంట్లో లేదు. “శ్రోతలారా, మన జాతికి కంపాద్రే బంధం రక్తసంబంధం కన్నా గొప్పది! జ్ఞానబిడ్డకు లేనిది ఏదైనా జ్ఞానతండ్రి ఇంట్లో ఉంటే, అది ఆ బిడ్డదే! కంపాద్రే వచ్చి తలుపు తడితే ఆ తలుపు మూసుకోదు! కంపాద్రేకు కంపాద్రే అయినవాడు మనకూ కంపాద్రేయే!” అంటూ గొంతు జీరబోయేలా చెప్పి, కళ్లు కూడా తుడుచుకున్నాడు. ఆ మాటల్లో ఒక్కటీ ఆయన ఏనాడూ పాటించలేదు. చైర్మన్ తల ఊపుతూ తీపి రొట్టె నములుతున్నాడు.

ఫోన్ల లైట్లు వెలిగాయి. యెసేనియా మొదటి ఫోన్ కలిపింది.

“కంపాద్రే, నేను ఒబ్దూలియాను. నోగాల్ వీధి నుంచి.”

“ఎవరూ... ఆ, చెప్పండి, చెప్పండి.”

“గుర్తుపట్టలా? మా చిన్నోడు ఉరియేల్‌ను ఎత్తుకున్నది మీరేగా! ఆ రోజు మా ఇంట్లో మోలే కూర అడిగి మరీ వేయించుకున్నారు. గిన్నెలో కట్టించుకుని కూడా పోయారు. ఆ గిన్నె ఇంతవరకూ రాలేదు, పోనీండి. మావాడికి జ్ఞానతండ్రంటే గొంతే తెలుసు, మొహం తెలీదు.”

ఇదంతా ఆయన చేతులారా చేసుకున్నదే. రేడియోకు ఎవరు ఫోన్ చేసి “మా బిడ్డను మీరే ఎత్తుకోవాలి” అన్నా కాదనేవాడు కాదు. కాదంటే వినేవాళ్లు తగ్గుతారని భయం. చర్చికి వెళ్లడం, బిడ్డను ఎత్తుకుని ఫొటో దిగడం, విందు తినడం, మరునాటికి బిడ్డ పేరు మర్చిపోవడం. నోగాల్ వీధిలో ఆయన ఎత్తుకోని పిల్లలు తక్కువ.

“ఇందాక మీరన్నది విన్నాను కంపాద్రే. ఏడుపొచ్చేసింది,” అంది ఒబ్దూలియా. ఆ గొంతులో ఏడుపు ఛాయలేమీ లేవు. “మా ఉరియేల్‌కు ఆ నీళ్లు పోసుకుని ఒళ్లంతా దద్దుర్లు. స్నానానికి మంచినీళ్లు లేవు. మీ అల్మెంద్రో వీధిలో బాగానే వస్తాయంటగా?”

లోయ అంతా వింటోంది. దోన్ ఫిలిబెర్తో మేమందరం రోజూ అనే మాటే అన్నాడు. “ఎంత మాట కొమాద్రే! మా ఇల్లు మీ ఇల్లే!”

ఆ మాట అన్నవాడూ నమ్మడు, విన్నవాడూ నమ్మడు. “దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి” అని అవతలివాళ్లు ఫోన్ పెట్టేయాలి. మర్యాద అంటే అదీ.

“అయితే బయల్దేరుతున్నాం. తువ్వాళ్లు మేమే తెచ్చుకుంటాంలే,” అంది ఒబ్దూలియా.

తర్వాత ఫోన్ ఫౌస్తినో అనే ట్రాక్టరు డ్రైవరుది. “కంపాద్రే, మా కవలల్ని ఎత్తుకున్నారు. ఇద్దర్నీ! సబ్బు మీ ఇంట్లో ఉందా, కొనుక్కుని రమ్మంటారా?” ఆ తర్వాత ఇంకో కొమాద్రే, ఆమె వెనక ఇంకో కంపాద్రే. అందరికీ అదే జవాబు చెప్పాల్సి వచ్చింది. ఒకరికి ఇల్లిచ్చి ఇంకొకరికి ఇవ్వనంటే ఊరు ఊరుకుంటుందా? చైర్మన్‌కు ఇదంతా మహా సరదాగా ఉంది. పొట్ట పట్టుకుని నవ్వుతూ ఇంకో రొట్టె తీసుకున్నాడు.

కాసేపటికి యెసేనియా అద్దం అవతల నుంచి వేళ్లతో ఏవో సైగలు చేసి, నవ్వు ఆపుకుంటూ మరో ఫోన్ కలిపింది.

“నమస్కారమండీ. నేను ఎర్మెలిందాను, అల్మెంద్రో వీధి నుంచి. మీ కార్యక్రమానికి ఫోన్ చేయడం ఇదే మొదటిసారి. ఎప్పుడూ వినను.”

“ఎర్మెలిందా!” దోన్ ఫిలిబెర్తో గొంతు సన్నబడింది.

“మన స్నానాల గది ముందు క్యూ వీధి మలుపు దాటింది. ఫౌస్తినో అట, ఎవరో నీ కొత్త తువ్వాలు కట్టుకుని తిరుగుతున్నాడు. దోన్యా ఒబ్దూలియా మొక్కజొన్న బస్తా తెచ్చి నా వంటింట్లో దించింది. ఆమెతో నాకు పేచీ లేదు, పనిమంతురాలు. నీతోనే ఉంది పేచీ. ఇంతమంది జ్ఞానబిడ్డలున్నారని నాతో ఒక్కసారైనా చెప్పావా? ఇప్పుడు నువ్వు వస్తావా, నన్నే స్టేషన్‌కు రమ్మంటావా?”

ఆమె స్టేషన్‌కు రావడం కన్నా ఆయనకు లోకంలో పెద్ద విపత్తు లేదు. ఎదురుగా నవ్వుతున్న చైర్మన్ కనిపించాడు. మునిగిపోయేవాడు పక్కవాడి మెడ పట్టుకుంటాడు కదా, దోన్ ఫిలిబెర్తో అదే చేశాడు.

“శ్రోతలారా! మాది చిన్న ఇల్లు, ఒక్కటే స్నానాల గది. కానీ నా కంపాద్రే మీకూ కంపాద్రేయే! దోన్ ఎలియోదోరో గారింట్లో నాలుగు స్నానాల గదులు, పెద్ద వంటిల్లు, ఈతకొలను! ఏమంటారు కంపాద్రే?”

రొట్టె ముక్క చైర్మన్ గొంతులో అడ్డం పడింది. నవంబరులో బోర్డు ఎన్నికలు. మైకు మూతి ముందే ఉంది. దగ్గి, కన్నీళ్లు తుడుచుకుని, “తప్పకుండా... మా ఇల్లూ మీ ఇల్లే,” అన్నాడు.

జనానికి అంతకన్నా పిలుపు అక్కర్లేదు. ద్రాక్ష తోటలకు వెళ్తున్న వ్యాన్లు కూడా దారి మళ్లాయి. చైర్మన్‌కు ఏ జన్మలోనూ కంపాద్రేలు కానివాళ్లు, అసలు చర్చికే పోనివాళ్లు కూడా తువ్వాలు భుజాన వేసుకుని కొండమీది ఇంటికి ఎక్కారు. దోన్యా ఒబ్దూలియా బస్తాను మళ్లీ ట్రక్కుకెక్కించి అందరికన్నా ముందు చేరింది.

ఈసారి ఫోన్ చైర్మన్ భార్య నయేలిది. “ఏవండీ, మనింటి నిండా మీ కంపాద్రేలేనండీ. పిల్లలు కొలనులో దూకుతున్నారు. కుక్కలు కూడా దూకాయి.”

చైర్మన్ మైకునూ ఎన్నికలనూ ఏకకాలంలో మరిచిపోయాడు. “గేటు వేసెయ్! ఆ అలగా జనాన్ని బయటికి నెట్టించు!”

ఊళ్లో, తోటల్లో, వ్యాన్లలో ప్రతి రేడియోలో ఆ మాట మోగింది. కంపాద్రేల ముఖం మీద గేటు వేయించినవాడిగా మా లోయలో ఎవడూ ఓటు అడగలేడు, మంగలి షాపులో కూడా కూర్చోలేడు. చైర్మన్ మొహం పాలిపోయింది.

“అంటే... గేటు వేయమన్నది కుక్కలు రోడ్డు మీదికి పోతాయని,” అన్నాడు.

అంతలో ఫోన్లోకి దోన్యా ఒబ్దూలియా వచ్చింది. “నమస్కారం కంపాద్రే. నయేలి నాకు వంటిల్లు అప్పజెప్పింది. మీ నీళ్లు అమృతంలా ఉన్నాయనుకోండి. ఎండలో నిలబడలేనివాళ్లు మీ హాల్లో సోఫాల మీద కూర్చున్నారు. కంగారుపడకండి, మా వీధికి పైపు వచ్చేదాకే మేం ఇక్కడుండేది. అది ఈ ఏడాది వస్తుందో, వచ్చే ఏడాది వస్తుందో మీకే తెలియాలి. పైపు రాకపోయినా మాకేం తొందర లేదు, బంధువులమేగా!”

“ఇవాళే!” చైర్మన్ అరిచాడు. “ఇవాళ సాయంత్రమే పైపుకు అనుకూలంగా నా ఓటు! నా బిడ్డ మీద ఒట్టు! బోర్డులో అందరిచేతా చేయి ఎత్తిస్తాను!”

“అయితే సాయంత్రం దాకా ఉండి, మీతోపాటే మీటింగుకు వస్తాం,” అంది ఒబ్దూలియా.

అన్నట్టే వచ్చారు. తడి జుట్టుతో, భుజాన తువ్వాళ్లతో, చైర్మన్‌గారింటి లావెండరు సబ్బు వాసనతో బోర్డు హాలు నిండిపోయింది. అందరికన్నా ముందు లేచిన చేయి దోన్ ఎలియోదోరోదే. పైపు తీర్మానం నెగ్గింది. ఒబ్దూలియా మాత్రం చప్పట్లు కొట్టలేదు. కుర్చీలో కూలబడి, చేతుల్లో మొహం పెట్టుకుని, ఉరియేల్ తువ్వాలుతో కళ్లు ఒత్తుకుంది. ఈసారి ఏడుపు నిజమే.

ఆదివారం నాడు దోన్ ఫిలిబెర్తో కొత్త సూటు తొడిగి చర్చికి వెళ్లాడు. జ్ఞానతండ్రి స్థానంలో నయేలి తమ్ముడు కూర్చుని ఉన్నాడు. బిడ్డను ఎత్తుకుని బిషప్పుగారి పక్కన నిలబడ్డ జ్ఞానతల్లి దోన్యా ఒబ్దూలియా. బుధవారం తమ వంటింట్లో ఆమె చేసిన తమాలెలు తిన్న నయేలి, బాలింత నోటికి ఇన్నాళ్లకు రుచి తగిలిందని, ఈమె తప్ప నా బిడ్డను ఎవరూ ఎత్తుకోవడానికి వీల్లేదని మొగుడికి తెగేసి చెప్పింది. ఆ చెప్పడంతో చైర్మన్ ఒబ్దూలియాకు నిజంగానే కంపాద్రే అయి కూర్చున్నాడు. పైపు పనిలో ఒక్క రోజు ఆలస్యమైనా కొమాద్రే ఇంటికి వచ్చి సోఫాలో కూర్చునేది. దోన్ ఫిలిబెర్తోకు విందులో చివరి బల్ల దక్కింది.

అయినా ఆయనకు లోటేమీ జరగలేదు. అధికారాన్ని జంకకుండా ప్రశ్నించినందుకు విలేకరుల సంఘం ఒక ఫలకం ఇచ్చింది. ఆ రోజు ఆయన నీళ్ల గురించి ఒక్క ప్రశ్నా అడగలేదని ఆ సంఘంలో ఎవరికీ అనుమానం రాలేదు. ఆ ఫలకాన్ని ఆయన స్టూడియో గోడకు తగిలించి, దాని గురించి వారం రోజులు మాట్లాడాడు.

నోగాల్ వీధికి కొత్త పైపు కలిపిన ఉదయం దోన్ ఫిలిబెర్తో మైకు పట్టుకుని, ప్రత్యక్ష ప్రసారం కోసం ఒబ్దూలియా వంటింట్లో హాజరయ్యాడు. ఇన్‌స్పెక్టరు కొత్త నీళ్లు చూసి సరేనని వెళ్లాడు. గంగాళం పొయ్యి పక్కకు చేరింది. దోన్ ఫిలిబెర్తో గొంతు సవరించుకుని మైకు ఆమె ముందు పెట్టాడు.

“చెప్పండి కొమాద్రే, నిజం చెప్పండి. ఈ నీళ్లు ఎవరి చలవ?”

ఒబ్దూలియా ఆయన వైపు ఒకసారి చూసి, గంగాళాన్ని కుళాయి కిందికి జరిపి, కుళాయి పూర్తిగా తిప్పింది. ఆ హోరులో ఆయన గొంతు కొట్టుకుపోయింది. ‘నిలదీత’ మొదలైన నాటి నుంచి శ్రోతలకు పనికొచ్చేది ఏదైనా వినిపించడం అదే మొదటిసారి.