మెర్సీ టీచర్ అభిప్రాయం

ఆదివారం పొద్దున మెర్సీ వేసుకున్న పథకం చిన్నదే. కోడికూర పొయ్యి మీద పెట్టాలి, అది ఉడికేలోపు సుమనకు సినిమా ఎలా ఉందో చెప్పాలి, తర్వాత తీరిగ్గా చర్చికి పోవాలి.

సుమన ఆమెతో బీఈడీ చదివిన స్నేహితురాలు. ఇప్పుడు హుజూర్‌నగర్‌లో ఉంటుంది. ఏ సినిమాకైనా మెర్సీ మాట విన్నాకే టికెట్టు కొనడం ఆమె అలవాటు. కొల్లాపూర్‌లో తను సోషల్ పాఠం చెప్పే ప్రైవేటు బడిలో మెర్సీ నోట్లో నాలుక లేని మనిషి. సినిమా దగ్గరికి వచ్చేసరికి మాత్రం హీరో నుంచి పాటలు కట్టినవాడి దాకా అందరినీ వరసగా నిలబెట్టి కడిగేస్తుంది.

అయితే నిన్నటి సినిమా సంగతి సుమనకు తప్ప ఎవరికీ తెలియకూడదు. నిన్న సాయంత్రం బడి వార్షికోత్సవం. మెర్సీ జ్వరమని చెప్పి దాన్ని ఎగ్గొట్టి, భర్త ప్రేమ్‌సాగర్ బండి మీద వనపర్తి పోయి సినిమా చూసింది. ఆ సినిమాకు అక్కడ అది ఆఖరి రోజు. వార్షికోత్సవమంటే ఏటేటా వస్తుంది. ఇది తెలిస్తే హెడ్‌మిస్ట్రెస్ నిర్మలమ్మ ఊరుకోదు. అబద్ధమంటే ఆమెకు మంట. లేని మేనమామను చంపి సెలవు తీసుకున్న సైన్సు సారును నిరుడు నిలబడ్డపాటున ఇంటికి పంపించింది.

మెర్సీ ఫోను తీసింది. సుమన పేరు మీద వేలు పెట్టబోతుండగా బడి గ్రూపులో ఏదో సందేశం వచ్చి పడింది. పేర్ల వరుస ఒక మెట్టు కిందికి జారింది. సుమన మీద పడవలసిన వేలు గ్రూపు మీద పడింది. ఒక కన్ను కూర మీదే ఉండటంతో ఆమె గమనించలేదు. గరిటె తిప్పుతూనే మాటలు రికార్డు చేసి పంపింది.

"విను. మొత్తం జూసిన. షురూల మంచిగనే ఉండె. పోరగాండ్ల డ్యాన్సు మస్తుగుండె. గని ఆ పెద్దామె మైకు పట్టినంక అంతా ఆగమాగం. ఇడుస్తలేదు. ఏం చెప్తుందో ఆమెకే ఎరుక లేదు. ఎనుకున్నోళ్లు ఒక్కొక్కరే లేచి పోతున్నరు. ఆ ఎర్ర చీరేంది, ఆ సన్మానమేంది, శాలువ కప్పంగనే ఆ ఏడుపేంది? నాకైతే నవ్వాగలే. ఆమెది మొత్తం కోసి పారేస్తే తప్ప ఎవ్వరు జూడరు. పైసలిచ్చినా నేనైతే మళ్ల జూడ."

మనసు తేలికపడింది. ఫోను సంచిలో వేసుకుని చర్చికి పోయింది.

ప్రార్థన ముగిసి బయటికి వచ్చేసరికి యాస్మిన్ చాలాసార్లు ఫోను చేసి ఉంది. యాస్మిన్ అదే బడిలో లెక్కల టీచరు. ఏదో కీడు శంకిస్తూ మెర్సీ తిరిగి చేసింది.

"నీకు భయం గియం లేదా మెర్సీ?" అంది యాస్మిన్. గొంతులో తిట్టూ ఉంది, మెచ్చుకోలూ ఉంది.

"దేనికి?"

"మేడం మీద గట్లనా చెప్పుడు? అందరున్న గ్రూపుల?"

మెర్సీ గ్రూపు తెరిచింది. వార్షికోత్సవం వీడియో నిన్న రాత్రే నిర్మలమ్మ అందులో పెట్టింది. ఎవరూ కిక్కురుమనకపోయేసరికి పొద్దున మరో సందేశం పెట్టింది: 'వీడియో చూసినవారు మొహమాటం లేకుండా తమ అభిప్రాయం తెలుపగలరు.' దాని కిందే, అడిగినదానికి జవాబులా, మెర్సీ గొంతు ఉంది.

వీడియో ముందుకు జరుపుతూ చూసింది. నిర్మలమ్మది ఎర్ర పట్టుచీర. శాలువా కప్పగానే కళ్లు తుడుచుకుంది. ఆమె మాట్లాడుతుంటే తల్లిదండ్రులు పిల్లల చేతులు పట్టుకుని జారుకుంటున్నారు. సినిమా గురించి అన్న ప్రతి మాటా కొలిచి కుట్టిన జాకెట్టులా నిర్మలమ్మకు అతికింది.

మెర్సీ వెంటనే తన మాటల్ని గ్రూపులోంచి చెరిపేసింది. అదీ కొంప ముంచింది. తెలుగు సారు ఎల్లస్వామి దాన్ని ముందే తన ఫోనులోకి దించుకున్నాడు. 'ఎవరో బెదిరించి చెరిపించారు. చెరిపితే నిజం పోదు' అని రాసి మళ్లీ గ్రూపులో పెట్టాడు. దాంతో మిగతావాళ్లకూ నోళ్లు లేచాయి. కుర్చీలు చాలలేదని ఒకరు, మైకు గీపెట్టిందని ఒకరు, ప్రసంగం ముగిసేసరికి పిల్లల వేషాల రంగు కారిపోయిందని ఒకరు. ప్రతివాళ్లూ చివర్లో 'మెర్సీ టీచర్ అన్నట్టు' అని చేర్చారు.

మధ్యాహ్నం భోజనం దగ్గర మెర్సీకి ముద్ద దిగలేదు. సంగతంతా విని ప్రేమ్‌సాగర్ తేలిగ్గా తేల్చాడు.

"సినిమా గురించి అని చెప్పెయ్."

"చెప్తే జ్వరం సంగతి బయటపడదా?"

"అయితే చెప్పకు."

"చెప్పకుంటే మేడంను తిట్టినట్టే గద."

ప్రేమ్‌సాగర్ ఇంకో ముద్ద కలుపుకున్నాడు. "కూర మంచిగైంది" అన్నాడు.

నిర్మలమ్మ గ్రూపులో ఒక్క మాటా అనలేదు. పొద్దు గూకే వేళకు మెర్సీ ఒక్కదానికే సందేశం వచ్చింది: 'రేపు పొద్దున నా రూముకు రా.'

సోమవారం స్టాఫ్ రూములో మెర్సీ అడుగు పెట్టగానే అందరూ లేచి నిలబడ్డారు. ఎల్లస్వామి ముందుకొచ్చాడు.

"నువ్వేం ఫికర్ చెయ్యకు టీచర్. నీ ఎనుక మేమున్నం."

"నా ఎనుక ఎవ్వరొద్దు సార్. మీకు దండం పెడ్త."

"ధైర్యమున్నోళ్లు గట్లనే అంటరు" అని అతడు యాస్మిన్ వైపు తిరిగాడు. యాస్మిన్ గంభీరంగా తలూపింది. ఇద్దరూ నిర్మలమ్మ గది తలుపు దాకా మెర్సీ వెంట వచ్చి, బయట కాపలాగా నిలబడిపోయారు.

నిర్మలమ్మ కళ్లు ఉబ్బి ఉన్నాయి. కూర్చోమనలేదు. ఫోను బల్ల మీద పెట్టి నొక్కింది. మెర్సీ గొంతు, వెనక కూర ఉడుకుతున్న చప్పుడుతో సహా, గదంతా నిండింది.

"గీ గొంతు నీదేనా?"

ఒక తప్పుకు రెండో తప్పు కాపలా పెట్టి ఎన్నాళ్లు బతకడం? పోతే నౌకరీ పోతుంది. మెర్సీ కళ్లు మూసుకుని ఉన్నదంతా చెప్పేసింది.

"నాదే మేడం. గని అది మీ గురించి కాదు, సినిమా గురించి. నాకు శనివారం జ్వరం లేకుండె. వనపర్తి పోయి సినిమా జూసినం. పెద్దామె అంటే సినిమాల హీరో వాళ్లమ్మ. ఎర్ర చీర ఆమెదే. మీ వీడియో నేను అప్పటికి జూడనే లేదు."

నిర్మలమ్మ ఆమెను ఎగాదిగా చూసింది.

"ఆమెకు గూడ సన్మానం చేసిండ్రా?"

"చేసిండ్రు మేడం. ఎమ్మెల్యేగ గెలుస్తది గద."

"శాలువ కప్పంగనే ఏడ్చిందా?"

"ఏడ్చింది."

"పిల్లల డ్యాన్సు గూడ ఉండెనా?"

"ఉండె మేడం. మొదట్లనే." నిజం చెప్పేకొద్దీ అది అబద్ధంలా తన చెవికే వినిపిస్తుంటే మెర్సీకి ఏడుపొచ్చింది. "కావాల్నంటే మా ఆయనను అడుగుండ్రి."

"పెండ్లాం నౌకరి పోతదంటే ఏ మొగడైనా సాక్ష్యం చెప్తడు" అంది నిర్మలమ్మ. లేచి బల్ల చుట్టూ తిరిగి వచ్చింది. మెర్సీ ఒక అడుగు వెనక్కి వేసింది. నిర్మలమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"జ్వరంతోని పండుకొని గూడ నా వీడియో మొత్తం జూసినవ్. ఉన్నది ఉన్నట్టు చెప్పినవ్. ఇప్పుడు నా మనసు నొచ్చుకుంటదని జ్వరమే లేదంటున్నవ్. అబద్ధమాడినోళ్లను నేను ఉంచనని తెలిసి గూడ ఆడుతున్నవ్."

"నేను అబద్ధం ఆడతలేను మేడం."

"ఆడరాదు నీకు. ముఖం జూస్తేనే ఎరుకైతాంది. గీ ఒక్కటి మాఫ్ చేస్తున్న, మళ్ల ఆడకు." నిర్మలమ్మ గొంతు తగ్గింది. "నిన్న మస్తు కోపమొచ్చింది. వీడియో మళ్ల పెట్టుకొని జూసిన. నేను మాట్లాడవట్టినంక కుర్చీలన్ని ఖాళీ. ఇన్నేండ్ల సంది ఒక్కరు చెప్పలే. అందరు చప్పట్లే. ఇగ నుంచి బడిల ఏ సభ పెట్టినా నువ్వే ఇన్‌ఛార్జి. ముందుగాల నీకు జూపిచ్చినంకనే స్టేజి ఎక్కుత."

మెర్సీ మరోసారి నోరు తెరిచింది. ఇంకో నిజం చెప్తే ఇంకేం మీద పడుతుందోనని మూసుకుంది. తలుపు అవతల ఎల్లస్వామి ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

బయటికి రాగానే యాస్మిన్ ఆమెను కావలించుకుంది. ఇంటర్వెల్లో మెర్సీ పేరు మీద అందరికీ సమోసాలు వచ్చాయి. నౌకరీ నిలిచింది, పరువు పెరిగింది. బడి విడిచాక ఆమె రోడ్డు మీద నిలబడి రెండు రోజుల్లో మొదటిసారి నిండుగా ఊపిరి పీల్చుకుంది.

ఇంటికి చేరేసరికి ఫోను మోగింది. పదో తరగతి వీడ్కోలు సభలో తాను చేయబోయే ప్రసంగాన్ని నిర్మలమ్మ తన గొంతుతోనే రికార్డు చేసి, మెర్సీ అభిప్రాయం కోసం పంపించింది. శనివారం చూసిన సినిమా నిడివిలో దానికంటే చిన్నది.