సాక్ష్యానికి పోయిన చిన్నబండపల్లె

ఆ పొద్దున ఓబుళేశు పెట్టుకున్న పని చాలా చిన్నది. ఇడ్లీ తిని, గుడిమిట్టకు పోయి, దండం పెట్టి ఓటు అడిగి రావడం. రెండుసార్లు ఎమ్మెల్యేగా గెలిచిన మనిషికి అదొక పనా? కానీ నియోజకవర్గాల పునర్విభజనలో సరిహద్దు గీత మారిపోయింది. ఆయన్ని నెత్తిన పెట్టుకుని మోసిన చిన్నబండపల్లె పక్క నియోజకవర్గంలోకి పోయింది. ఆయన ముఖం కూడా ఎరగని గుడిమిట్ట ఆయన వాటాకు వచ్చింది. తెలిసినవాళ్లకు ఓటు లేదు, ఓటున్నవాళ్లకు తాను తెలియడు. పాపం, ఆ బాధ పగవాడికి కూడా వద్దు.

దారిలో చిన్నబండపల్లె జనం జీపు ఆపేశారు. ఊరి పెద్ద తిమ్మయ్య కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

"మా ఓటు నీకు పడకుండా చేసినారు గదప్పా! నీ రుణం యెట్ల తీర్చుకునేది?"

ఓబుళేశు జీపు దిగి ఆయన చేతులు పట్టుకున్నాడు. ఆ వెంటనే ఒక ఆలోచన కూడా తట్టింది. పెళ్లి సంబంధం కుదరాలంటే పిల్లవాడి గురించి తెలిసినవాళ్లు వచ్చి నాలుగు మంచి మాటలు చెప్పరూ? ఓటు మాత్రం వేరా?

"మీరు గుడిమిట్టకొచ్చి ఒక్క మాట చెప్పండన్నా. నా గురించి నేనే చెప్పుకుంటే ఎవురు నమ్ముతారు?"

ఒక్క మాట చెప్పడానికి ఊరు ఊరంతా ట్రాక్టర్లెక్కింది, డప్పులతో సహా. గుడిమిట్ట చర్చి ముందర షామియానా కింద కూర్చున్నవాళ్లు ఈ దండును చూసి, ఓబుళేశు కూలికి జనాన్ని తెచ్చాడనుకున్నారు. "వాళ్లకేనా బిర్యానీ, మాకు లేదా?" అని ఒకాయన అడగనే అడిగాడు. ఆ అపోహ తీర్చాలని తిమ్మయ్య మైకు లాక్కున్నాడు. కొంప అక్కడే మునిగింది.

"మేము కూలికొచ్చినోళ్లం గాదప్పా! ఈయప్ప మాకు దేవుడు. నీళ్లు లేక చస్తాంటే బోర్లేయించి, పైపు లాగించి, ట్యాంకు కట్టించినాడు. ఎండాకాలంలో గూడా రెండు పూటలా నీళ్లొస్తాండాయి!"

జనం ఆశగా ముందుకు జరిగారు. తిమ్మయ్యకు ఇంకా ఊపొచ్చింది.

"మా భూమిలో యాడ తవ్వినా రాయే. అయినా ఇడిసిపెట్టలేదు. ఈడికొచ్చి, మీ వంక పక్కన బోర్లు వేయించినాడు!"

ఓబుళేశు ఆయన పంచె పట్టి లాగాడు. "వుండప్పా, నిజమే గదా చెప్తాండా," అని తిమ్మయ్య గొంతు పెంచాడు.

ఆ వాగు పక్కనే రెండెకరాల వేరుశెనగ చేను ఉన్న కృపమణి లేచి నిలబడింది.

"ఆ బోర్లు పడినాంకనే మా బావి ఎండిపాయె. దేవుని చిత్తమనుకొని ఇన్నేండ్లు ప్రార్థన చేస్తాండాం. చేసింది నువ్వా సామీ?"

ఓబుళేశుకు నిజంగానే సిగ్గేసింది. బోర్లు వేయించిన రోజే ఇంజనీరు చెప్పాడు, పక్క ఊరికి ఇబ్బంది అవుతుందని. "వాళ్లు మన ఓటర్లు కాదులే," అని తానే కొట్టిపారేశాడు. అక్కడ ఒక బావి ఉందని, దాని చుట్టూ బిందెలు పట్టుకున్న మనుషులుంటారని ఒక్కసారైనా అనుకోలేదు.

ఓబుళేశు తిమ్మయ్య చేతిలోని మైకు తీసుకున్నాడు. "తప్పయిపాయె తల్లీ. నేను గెలిస్తే ఆ బోర్ల నీళ్లు ఒక్క చుక్క కూడా బయటికి పోవు. అన్నీ మీ ఊరికే!"

గుడిమిట్ట చప్పట్లతో మారుమోగిపోయింది. కృపమణి కొంగుతో కళ్లు తుడుచుకుంది. ట్రాక్టర్ల దగ్గర మాత్రం డప్పులు ఆగిపోయాయి.

"మరి మా ఊరికి నీళ్లు యాడివప్పా?" అన్నాడు తిమ్మయ్య.

ఓబుళేశు ఆయన భుజం మీద ఆప్యాయంగా చెయ్యి వేశాడు.

"మీ ఎమ్మెల్యేనడుగు తిమ్మన్నా."