టార్క్విల్ ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లు

ఆ మంగళవారం టార్క్విల్ మెకాస్కిల్‌కు ఉన్న పని ఒక్కటే. పది గంటలకు గ్లాస్గో నుంచి ఒక జంట వచ్చి ఇల్లు చూస్తుంది. నచ్చితే కొంటుంది. అప్పుడు ఆయన సామాను సర్దుకుని, సముద్రం దాటి ఇన్వర్నెస్‌లో అక్కగారి వీధిలో ఒక చిన్న వాటాలోకి మారిపోతాడు. నలభై ఏళ్లు ఫెర్రీ పడవ మీద తాళ్లు విసిరిన మనిషికి ఒకసారి సముద్రం దాటడం పెద్ద పని కాదు. భార్య ఎఫీ పోయి మూడేళ్లయింది. ఇంట్లో గడియారం చప్పుడు తప్ప మాటన్నది లేదు.

ఇళ్ల ఏజెంటు అమ్మాయి ముందురోజు ఫోన్ చేసి పాఠం చెప్పింది. "తలుపులన్నీ తెరిచి ఉంచండి సార్. ఏం అడిగినా ఓపిగ్గా చెప్పండి, విసుక్కోకండి. పొయ్యి మీద ఏదైనా కాల్చండి. ఆ వాసనకే సగం మంది ఇల్లు కొనేస్తారు."

"మరి వాళ్లకి దారి?"

"చెప్పాను సార్. రేవు నుంచి పైకొస్తే రెండు దారులు చీలతాయి కదా, అక్కడ మ్యూజియం బాణం ఉంటుంది. బాణం ఎటు చూపిస్తే అటు కాకుండా రెండో దారిన వెళ్లమన్నాను."

ఆ బాణం బిగించింది టార్క్విలే. తమ ఊరు పోర్ట్ స్కెల్లాలో ఓడ దిగినవాళ్లు చూడదగ్గవి మూడు: లైట్‌హౌస్, అది మరమ్మతుల్లో ఉంది; సీల్ జంతువుల బండ, అక్కడికి అవి బుద్ధి పుట్టినప్పుడు వస్తాయి; హెర్రింగ్ చేపల మ్యూజియం. ఈ మూడోదాన్ని ముర్డీనా మెక్‌ఫేల్ పద్దెనిమిదేళ్లుగా ఒంటిచేత్తో నడుపుతోంది. పాత చేపల గోదాములో కొన్ని పీపాలు, వలలు, కత్తులు పట్టుకుని చేపలు కోస్తున్న ముగ్గురు ఆడవాళ్ల బొమ్మలు ఉంటాయి. టార్క్విల్, ముర్డీనా చిన్నప్పుడు ఒకే బెంచీలో చదువుకున్నారు. కొత్త పలక రాసిచ్చి, నాలుగు మరలు చేతిలో పెట్టి, "గట్టిగా బిగించు, రేపు నా ప్రాణం దీని మీదే ఉంది" అంది ముర్డీనా. టార్క్విల్ ఒక మర బిగించేసరికి వాన మొదలైంది. మిగతా మూడూ ఆయన జేబులోనే ఇంటికి వచ్చాయి. రాత్రి వీచిన గాలికి ఆ పలక ఒంటి మర మీద సగం చుట్టు తిరిగి, తెల్లారేసరికి టార్క్విల్ ఇంటి వైపు ధీమాగా బాణం చూపిస్తూ నిలబడింది.

ముర్డీనా అన్న మాట ఉత్తినే అన్నది కాదు. మ్యూజియాన్ని ఉంచాలో మూసేయాలో తేల్చడానికి పర్యాటక శాఖ ఆ మంగళవారం ఒక మనిషిని పంపుతున్నట్టు ఉత్తరం వచ్చింది. "ఫలానా అని చెప్పుకోరు. మామూలు సందర్శకుల్లాగే వచ్చి చూసి వెళతారు" అని అందులో రాసి ఉంది. అదే రోజు ఒక పెద్ద ఓడ రేవు బయట లంగరు వేస్తోంది. మ్యూజియం నిండా జనం కనిపిస్తే గండం గట్టెక్కినట్టేనని ఆమె ఆశ.

పది కొట్టేసరికి టార్క్విల్ కాల్చిన స్కోన్ రొట్టెలు మాడిపోయి ఇల్లంతా పొగ. కిటికీలు తెరుస్తుండగానే వాకిట్లో అలికిడి అయింది. నల్లటి వాన కోట్లు తొడుక్కుని పదకొండు మంది నిలబడి ఉన్నారు.

'జంట అంది కదా' అనుకున్నాడు టార్క్విల్. తర్వాత సర్దుకున్నాడు. ఇల్లు కొనడమంటే మాటలా, అటు అత్తవారినీ ఇటు పుట్టింటివారినీ వెంటేసుకుని వచ్చి ఉంటారు.

"రండి, రండి. కాళ్లు తుడుచుకోండి. పొగకి ఏమీ అనుకోకండి."

"పొగ అద్భుతం!" అంది ఒకావిడ. "ఎంత సహజంగా పెట్టారో!"

ఒక పెద్దమనిషి పొయ్యి దగ్గర వంగాడు. "ఇది ఎప్పటిది?"

"డెబ్బై ఎనిమిది."

"పద్దెనిమిది వందల డెబ్బై ఎనిమిదిట!" అని ఆయన వెనక్కి అందించాడు. ఆ కబురు గుమ్మం దాకా చేరేసరికి పొయ్యి వయసు ఇంకో వందేళ్లు పెరిగింది.

ఎవరో అలమర తెరిచి, పందిరక్తంతో చేసే బ్లాక్ పుడ్డింగ్ డబ్బా పైకెత్తారు. "పాపం, ఇవన్నీ తినే బతికేవారా!"

"నిన్న రాత్రి కూడా తిన్నాను" అన్నాడు టార్క్విల్, కాస్త చిన్నబుచ్చుకుని. అందరూ పకపకా నవ్వి చప్పట్లు కొట్టారు.

"ఏమనుకోకపోతే ఒకటడుగుతాను. ఈ ముసలాయన పని మీరు ఎన్నాళ్లుగా చేస్తున్నారు?"

"డెబ్బై ఒక్క ఏళ్లుగా" అన్నాడు టార్క్విల్. మళ్లీ చప్పట్లు. ఆయన పడకగది చూశారు, మరుగుదొడ్డి చూశారు. మరుగుదొడ్డి పక్కన నిలబడి ఫోటోలు దిగారు. గ్లాస్గోలో ఇళ్లు ఇలాగే కొంటారు కాబోలు, ఏజెంటు అమ్మాయి విసుక్కోవద్దంది కదా అని ఆయన ఓర్చుకున్నాడు. వీళ్లు వెళ్లకముందే ఇంకో పదిమంది వచ్చారు. ఇంత గిరాకీ ఉన్న ఇంట్లోనా మూడేళ్లు ఒంటరిగా కూర్చున్నానని ఆశ్చర్యపోయి, టీ గిన్నె బదులు పెద్ద కుండ పొయ్యి మీద పెట్టాడు.

అప్పుడు తడిసిన టోపీ పెట్టుకున్న ఒక సన్నటావిడ కిటికీ పక్క కుర్చీ దగ్గర ఆగింది. కుర్చీలో సూదులతో సహా సగం అల్లిన స్వెట్టరు ఉంది.

"ఇది మధ్యలో ఆగిపోయిందేం?"

"అది ఎఫీ అల్లిక. మా ఆవిడ" అన్నాడు టార్క్విల్. "నాకోసం మొదలుపెట్టింది. ఒక చెయ్యి అయింది. రెండోది కాలేదు."

గదిలో నవ్వులు ఆగిపోయాయి. ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే కాబట్టి ఆయన్ని ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు. అడగలేదు కాబట్టి ఆయన ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ముక్కూ మొహం తెలియని ఇరవై మంది ముందు మొదలుపెట్టి ఆపలేకపోయాడు. ఎఫీ మొదటిసారి ఫెర్రీ ఎక్కిన రోజు ఆమెనే చూస్తూ తాడు రేవుకి బదులు నీళ్లలోకి విసిరానని చెప్పాడు. నాట్యం రాని మగాణ్ణి చేసుకోనంటే గొడ్లపాకలో చీపురుతో నేర్చుకున్నానన్నాడు. ఒకరిద్దరు ముక్కులు చీదుకున్నారు. టోపీ ఆవిడ చిన్న పుస్తకంలో ఏదో రాసుకుంది.

అక్కడ మ్యూజియంలో జనం లేరు. పదింబావుకి వచ్చింది ఒక్క జంట: డన్‌లప్ దంపతులు. వచ్చీ రాగానే భర్త పైకప్పు చూశాడు. "వానకి కారుతుందా?"

ముర్డీనా అనుకుంది, పర్యాటక శాఖ వాళ్లు వీళ్లే! "లేదండీ. ఆ మూల కొంచెం చెమ్మ, అంతే."

"ఈ గోడ పడగొట్టొచ్చా?" అంది భార్య.

"పడగొట్టడం ఎందుకండీ?"

"మా మంచం పట్టాలి కదా. చెప్పాలంటే ఇల్లు మేం అనుకున్నదానికంటే చాలా విశాలంగా ఉంది. ఈ పీపాలు తీసేస్తే ఇక్కడ సోఫా వేసుకోవచ్చు. ఆ ముగ్గురు ఆడవాళ్లూ మీతో వచ్చేస్తారా, ఇక్కడే ఉంటారా?"

"వాళ్లు ఎక్కడికీ రారు!" అంది ముర్డీనా. మూసేస్తారని భయపడింది గానీ, మూసి తమ కాపురానికి వాడుకుంటారని ఆమె అనుకోలేదు. "సరే, మీరన్నవన్నీ ఇంకో మనిషి ముందు చెబుదురుగాని. ఇక్కడే ఉండండి, సాక్షిని తీసుకొస్తాను." అని బయటికొచ్చి, పద్దెనిమిదేళ్ల అలవాటుకొద్దీ తలుపుకి తాళం తిప్పేసి, టార్క్విల్ ఇంటికి పరుగెత్తింది.

మలుపు తిరగ్గానే ఆమె కాళ్లు ఆగిపోయాయి. టార్క్విల్ ఇంటి గోడ పొడవునా నల్లకోట్ల మనుషులు నలభై మంది, వానలో తలలు వంచుకుని మౌనంగా నిలబడి ఉన్నారు. ఆ ఊళ్లో ఒక ఇంటి ముందు జనం అలా నిలబడటానికి ఒకటే కారణం ఉంటుంది.

"ఎప్పుడు?" అని అడిగింది చివరి మనిషిని.

"పది గంటలకండీ."

"చూశారా... ఎలా ఉన్నాడు?"

"నేనింకా లోపలికి వెళ్లలేదు. చూసొచ్చినవాళ్లు అంటున్నారు, అచ్చం బతికున్న మనిషిలాగే ఉన్నాట్ట. కొందరు ఏడుస్తూ వచ్చారు."

ముర్డీనా జనాన్ని తోసుకుంటూ లోపలికి పడింది. "టార్క్విల్! ఒక్క మాటైనా చెప్పకుండా పోయావురా!"

టార్క్విల్ గరిటె పట్టుకుని కుండ పక్కన నిలబడి ఉన్నాడు. "ఎక్కడికి పోయాను? టీ పోస్తున్నాను. తాగుతావా?"

ముర్డీనా మెడలోని తడి మఫ్లరు తీసి ఆయన్ని రెండు వాయించింది. "చచ్చావనుకున్నాను! దరిద్రుడా, నువ్వు చచ్చిపోయావనుకున్నాను!"

"ఎలాగూ వెళ్లిపోతున్నవాణ్ణే కదే. వచ్చే నెల నుంచి ఈ ఊళ్లో కనపడను."

"అయితే ఇప్పటినుంచే ఏడవనీ!" అని ఆమె నిజంగానే ఎఫీ కుర్చీ పక్కన చతికిలబడి ఏడ్చింది. టార్క్విల్ ఏం చేయాలో తోచక గరిటెతోనే ఆమె భుజం తట్టాడు. ఇల్లు చప్పట్లతో మారుమోగింది.

"ఈ సన్నివేశం మళ్లీ ఎన్నింటికండీ?" అని ఎవరో అడిగారు.

ముర్డీనా కళ్లు తుడుచుకుని చుట్టూ చూసింది. "ఎవరు వీళ్లంతా?"

"ఇల్లు కొనేవాళ్లు."

"నీ మొహం! వీళ్లు ఓడ వాళ్లు. నా మ్యూజియానికి రావలసినవాళ్లు!"

"మరి నా జంట ఏది?"

ముర్డీనా చెయ్యి మెల్లగా జేబులోని తాళంచెవి మీదికి పోయింది. "లోపల పెట్టి తాళం వేశాను" అంది.

నలభై మందీ వానలో కిందికి నడిచారు. తలుపు తీసేసరికి డన్‌లప్ పీపా మీద కూర్చుని ఉన్నాడు. ముగ్గురు బొమ్మలూ గుచ్చి గుచ్చి చూస్తున్నారని వాటి మొహాల మీద తన కోటు కప్పాడు. భార్య కిటికీ ఊచల్లోంచి కేకలు వేసి వేసి గొంతు పోగొట్టుకుంది. ముర్డీనా క్షమాపణలు చెప్పింది. టార్క్విల్ జేబులోని మూడు మరలూ తీసి అందరి ముందూ నేరం ఒప్పుకున్నాడు.

డన్‌లప్ మంచివాడు. అంతా విని చివరికి నవ్వేశాడు. "ఎలాగూ వచ్చాం, ఆ అసలు ఇల్లేదో చూపించండి. నచ్చితే ఇవాళే మాట ఇచ్చేస్తాం."

టార్క్విల్ మూడు మరలూ మళ్లీ జేబులో వేసుకున్నాడు. "ఏమనుకోకండి బాబూ. పొద్దున్నుంచి చాలామంది చూశారు. ఎవ్వరికీ అమ్మబుద్ధి కాలేదు" అన్నాడు.

ముర్డీనా ముక్కు చీదుతూ అటు తిరిగింది. ఆ తర్వాత మూడు వారాలు ఆమెకు నిద్ర లేదు. పర్యాటక శాఖ మనిషి ఎవరైనా సరే, చూసింది ఖాళీ మ్యూజియాన్నో, తాళం పడ్డ జంటనో అయి ఉంటుంది.

ఉత్తరం వచ్చింది. కింద సంతకం మిస్ ఒలిఫాంట్ అని ఉంది. తానే ఆ తడి టోపీ మనిషినని ఆవిడ రాసింది. మ్యూజియం మూయనక్కర్లేదు. షరతు ఒక్కటే. నిబంధనల ప్రకారం ప్రదర్శనలన్నీ ఒకే కప్పు కింద ఉండాలి కాబట్టి, కొండ మీది ఇంట్లో ఉన్న అతి విలువైన ప్రదర్శనను వెంటనే మ్యూజియంలోకి తరలించాలి.

ఇప్పుడు ఓడ వచ్చిన ప్రతిరోజూ టార్క్విల్ తన కుర్చీతో సహా అక్కడే, పీపాల పక్కన కూర్చుంటున్నాడు. కుర్చీకి ముర్డీనా ఒక చీటీ కట్టింది, "ముట్టుకోరాదు" అని. అది కుర్చీ గురించో ఆయన గురించో ఇంతవరకూ ఆమెను అడిగే ధైర్యం ఊళ్లో ఎవరూ చేయలేదు.