గోడెక్కిన పోలమ్మ

మున్సిపాలిటీ గోడ మీద ఎవరి బొమ్మ వేస్తే వాళ్లు ఆ బొమ్మలాగే అయిపోతారు. ఊరికి ఇది అలవాటైపోయింది. ఊరి అందం కోసం మొదలెట్టిన పని. బొమ్మలో ముడతలుండకూడదు, వేళ్లు విడివిడిగా ఉండకూడదు, నీడ అసలే పనికిరాదు. మనిషికి ఒకే రంగు, ఒకే పూత. కళ్లు పెయింటరు ఇష్టం. నోరు మాత్రం నమూనాలోనే లేదు. చేపలపేట జనం అప్పటికే నోరూ కళ్లూ లేకుండా నీలంగా, పల్చగా అయిపోయి, ఇరుకిళ్లలో చుట్టిన చాపల్లా గోడకి ఆనుకుని బతుకుతున్నారు. స్థలం ఆదా అయిందని పేపర్లు కూడా మెచ్చుకున్నాయి.

ఇప్పుడు రోడ్డు కోసం పేట లేపేస్తారట. సోమవారం విచారణ. వద్దనడానికి పేటలో మిగిలిన నోరు ఒక్క పోలమ్మది. ఆమె పెయింటరు దాలయ్య పెళ్లాం. దాలయ్యకీ నోరుంది గానీ, అది మున్సిపాలిటీ జీతం తింటోంది.

"సోమవారం లోపల మీ ఆవిడ గోడెక్కాలి," అన్నాడు మున్సిపల్ ఇంజినీరు దాలయ్యతో.

"నా సేత్తో నానెలా ఎయ్యను బాబూ?"

"నువ్వు మానేస్తే కాంట్రాక్టరు మనిషి వేస్తాడు. వాడు కళ్లు కూడా పెట్టడు."

ఇంటికొచ్చి చెప్తే పోలమ్మ చేపల గంప దించి పకపకా నవ్వింది. "ఏటి మావా, ఆడికి నా నోరంటే అంత బయమా? నువ్వే ఎయ్యి. నోరు పెద్దదెట్టు. పేటంతటికీ సరిపోవాల."

దాలయ్య పసుపు రంగు పూశాడు. దూరాన కాంట్రాక్టరు బండి కనబడేసరికి, కళ్లైనా దక్కాలని ముందు కళ్లు పెట్టేశాడు. తర్వాత నోటికని ఎర్ర రంగులో కుంచె ముంచాడు. చెయ్యి పైకి లేవలేదు. అమ్మోరి బొమ్మలు వేసే వంశం వాళ్లది. కళ్లు తెరిచిన బొమ్మని మళ్లీ కుంచె తాకితే అపచారం. తాత చెప్పాడు, నాన్న చెప్పాడు. కుంచె కడిగేశాడు.

విచారణలో అధికారి, "అభ్యంతరాలున్నాయా?" అని మర్యాదగానే అడిగాడు. పసుపుపచ్చ పోలమ్మ లేచి నిలబడింది. అధికారి ఆమె మొహం చూసి, లేవు అని రాయించాడు.

మర్నాడు బుల్డోజరు వచ్చింది. కళ్లు లేనివాళ్లు కదలకుండా కూర్చున్నారు. పోలమ్మ ఒక్కతే చూసింది. పొయ్యి పోవడం చూసింది, గడప పోవడం చూసింది. తర్వాత మొగుడి చేతిలో కుంచె పెట్టి, తన కళ్లు చూపించింది.

దాలయ్యకి తాత గుర్తుకు రాలేదు. గోడ మీది బొమ్మ కళ్ల మీద పసుపు రంగు ఒక్క పూత వేశాడు. కుంచె కడిగేశాడు.