వామపాద నిర్దోషిత్వము

వినుడు, ఎఱ్ఱదీపము కడ నిలిచి వెనుకవాని హారను మోతలను సహించిన ధీరోదాత్తులారా! ఆదివార పూర్వాహ్ణమున, భానుడు మేడపై ఆరవేసిన దుప్పట్లను దాటి సందులోనికి తొంగిచూచుచుండ, ఎదురింటి శునకరాజము నడివీధిలో రెండవ నిద్రకు ఉపక్రమించుచుండ, తృతీయహస్తగతమైన తెల్లని కారొకటి దర్జీ దుకాణము ముంగిట కదలక మెదలక నిలిచియుండెను. దాని క్లచ్చు పెడలు తొక్కినచో పాతాళమునకు దిగి, ఎంత బతిమాలినను పైకి రానొల్లదు. మొదటి గేరు వేయబోయినచో సింహనాదము మాత్రము వచ్చును, గేరు పడదు.

అంతట కత్తెరయే ఖడ్గముగా, కొలతల టేపే కంఠహారముగా ముప్పది వత్సరములు ఆ దుకాణమునేలిన దర్జీసార్వభౌముడు, విచారణతో పనిలేకయే, కన్నకూతురిపై తీర్పు వెలువరించెను.

"నీ ఎడమకాలే తల్లీ దీన్ని చంపింది. పెడల్ మీంచి తీస్తేగా! క్లచ్ ప్లేట్ కాలి బూడిదైపోయుంటుంది. తాళాలిటివ్వు. రేపు బస్సెక్కు."

"బస్సు మా ఆఫీసు దాకా పోదు నాన్నా."

"పోయేదాకా పోతుంది. ఆ తర్వాత నడువు."

రేపు! ఆ వంశమున ప్రథమ పట్టభద్రయైన ఆ కన్యకు రేపే తొలి ఉద్యోగమున తొలిదినము. తాళములు మాత్రము రెండు జతలును తండ్రి చొక్కా జేబను దుర్భేద్య దుర్గమున బందీలయ్యెను.

పిలువనంపగా పక్కసందు మెకానిక్కు విచ్చేసెను. బానెట్టు తెరువకయే, చక్రము నొకమారు కాలితో తన్ని వ్యాధిని గ్రహింపగల ఆ వైద్యశిఖామణి ఇట్లు సెలవిచ్చెను: "ప్లేటే పోయింది బాబాయ్. గేర్‌బాక్స్ దించాలి. నాలుగు రోజులు."

"అన్నా, ఒక్క నిమిషం," అనెను కూతురు. "ప్లేట్ పోతే పెడల్ కిందే ఎందుకుండిపోతుంది? ముందు ఆ ఫ్లూయిడ్ చూడు."

"చదువుకున్నోళ్లతో ఇదే చెల్లెమ్మా. అన్నీ అడుగుతారు."

ఐనను బానెట్టు తెరువబడెను. కాలి బలమును గేర్‌బాక్సు కడకు మోసుకొనిపోవు ద్రవమునకు నిలయమైన ఆ చిన్న డబ్బా మూత తీయగా, అందలి రబ్బరు, పెళ్లిలో పలకరింపు దక్కని మేనత్త బుగ్గలవలె ఉబ్బి, మరల మూతలో కూర్చుండ నిరాకరించెను.

"అమ్మా, గ్లాసుతో నీళ్లు!"

తల్లి జలపాత్రతో ప్రవేశించెను. కూతురు అందు ఆ ద్రవమును నాలుగు చుక్కలు విడిచెను. కొంత కలిసెను. మిగిలినది నిగనిగలాడుచు పైకి తేలెను.

"అసలైన ఫ్లూయిడ్ నీళ్లలో కలిసిపోతుంది. తేలుతోంది చూడండి, అది నూనె. ఇందులో ఎవరో నూనె పోశారు."

దర్జీసార్వభౌముడు దారములేని సూదికి ముడివేయుటలో నిమగ్నుడయ్యెను.

"ఏమండీ," అనెను ఇల్లాలు, "మొన్న మిషన్ నూనె పట్టుకుని బయటికెళ్లారు కదా?"

తలుపు బందులకు, ఫ్యానుకు, గొడుగుకు, అడుగకయే పొరుగింటి గోడగడియారమునకును కుట్టుమిషను నూనె ప్రసాదించిన దాత యతడు!

"డబ్బాలో తగ్గిందని కాస్త పోశాను. నూనె నూనే కదా! ముప్పై ఏళ్లలో నా మిషన్ ఒక్కరోజు ఆగిందా?"

"మిషన్‌కి మంచిదే బాబాయ్. దీని రబ్బర్లకి విషం. లోపలివన్నీ ఇలాగే ఉబ్బి ఇరుక్కుపోయుంటాయి," అని పలికి, వైద్యశిఖామణి లేశమైనను సిగ్గుపడక, "నేనూ మొదట్నించీ అదే అనుకుంటున్నా," అనెను.

బ్రేకు డబ్బా వేఱుగా నుండుటయు, దానిపై ఆ దాత దృష్టి పడకుండుటయు ఆ కుటుంబపు అదృష్టము.

పిదప రబ్బర్లన్నియు మార్చబడెను, గొట్టము కడుగబడెను, క్రొత్త ద్రవము పోయబడెను. లోని గాలిని వెడలగొట్టు అంతిమ సమరమున మెకానిక్కు కారుక్రిందనుండి "తొక్కు... పట్టు... వదులు!" అని గర్జింప, అరువదిమార్లు పెడలు తొక్కినది, ఆహా, ముద్దాయియైన ఆ ఎడమకాలే!

సాయంకాలమున, పరీక్షార్థము తండ్రి ఒక జత తాళములు విడుదల చేయగా, మొదటి గేరు చప్పుడైన లేక పడెను. కారు మూడు గజములు సాగి, లేవనొల్లని శునకరాజము ముందు సగౌరవముగా ఆగెను. పక్కసీటున నున్న తండ్రి బెల్టు లాగెను. అది రాలేదు.

"ఇది బిగుసుకుంది. కాస్త నూనె—"

"నాన్నా!"

జేబులోని నూనెడబ్బాపై పడిన చేయి ఆగెను. డబ్బాను విడిచి, దాని ప్రక్కనున్న తాళపుచెవుల రెండవ జతను తీసి కూతురి ఒడిలో వేసెను.

"పొద్దున్నే బయల్దేరు. ఆలస్యంగా వెళ్లకు."

ఇట్లు ఆ మహాసంగ్రామము ముగిసెను. విజయచిహ్నముగా సీటుబెల్టొకటి నూనె చుక్కైన సోకక, బిగుసుకొనియే యుండెను.